నిమ్మగడ్డికి కాస్త జాగా

ఇవాళ పొద్దున మా సబ్బుల కార్ఖానాలో నేల తుడుస్తున్న నీళ్ళలోంచి నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. సింహాచలం మావయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది. మావయ్యంటే చుట్టం కాదు. హౌరా పక్కనున్న లిలువాలో మా పక్కింటాయన, శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక కాస్త నేల కౌలుకు తీసుకుని, తన చేత్తోనే ఆవిరి పట్టే బట్టీ కట్టి, నిమ్మగడ్డి నూనె తీస్తానన్నాడు. చదువై ఖాళీగా ఉన్న నన్ను పనిలోకి పిలిచాడు. అదే నా మొదటి ఉద్యోగం.

బంద్ రోజున నాట్లు పెట్టుకున్నాం. బంద్ అంటే అందరికీ సెలవు, మా తెలుగువాళ్ళ కాలనీకి పండగే. ఆడా మగా అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఊళ్ళో వరి ఊడ్పులు గుర్తొచ్చి, పాటలు పాడుతూ, జానెడు ఎడమైనా లేకుండా నాటేశారు. ఆ పచ్చదనం చూసి మావయ్య మీసం దువ్వుకున్నాడు. నేనూ మురిసిపోయాను.

వానలు పడ్డాక తెలిసింది. గడ్డి ఎండ కోసం పోటీపడి సన్నగా, పొడుగ్గా సాగింది. పిలకలు వేయలేదు. అడుగు ఆకు పసుపుబారి కుళ్ళింది. వచ్చిన నూనె కొంచెం, దానికీ పచ్చిగడ్డి కంపు. మా దగ్గర కొనే ఒకే ఒక్క మనిషి, హౌరాలో సబ్బులు చేసే దత్తాబాబు, వాసన చూసి మూత పెట్టేశాడు. మళ్ళీ ఇలాగే ఉంటే రావద్దన్నాడు. ఇంటికొస్తే మావయ్య భార్య గౌరమ్మత్త, "మరోపాలి ఇలాగయితే నీ బట్టీని పాతసామాన్లోడికి ఇచ్చేస్తాను," అంది.

మర్నాడు మావయ్య ఒకటి విడిచి ఒకటి దుబ్బులు పీకడం మొదలెట్టాడు. అత్త లబలబలాడింది.

"పచ్చటి మొక్కని పీకుతావేటి? సేతులెలాగొస్తన్నాయి?"

"ఏటి సేస్తామే, పక్కదాని కడుపు కొడతంది గదా!"

పీకినవి పారేయకుండా, నాటినవాళ్ళందరికీ పంచాడు. ఆ తర్వాత కాలనీలో ఎవరింటికెళ్ళినా నిమ్మగడ్డి టీయే.

మిగిలినవి పిలకలేసి బలిశాయి. కోత కోశాక మావయ్య, "ఈపాలి నూనె నువ్వే తియ్యి," అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేను వెంటపడ్డాను.

"ఇది చెడితే అంతా పోయినట్టే మావయ్యా! ఎక్కడికి నువ్వు?"

"టీకి. నీ నెత్తిమీద నేను కూకుంటే నీకు పనెలాగొస్తాదమ్మా?"

మంట తగ్గిస్తూ పెంచుతూ, ఎలాగో తీశాను. హౌరా పట్టుకెళితే, దత్తాబాబు ఒక చుక్క చేతికి రాసుకుని, కళ్ళు మూసుకుని, "ఏబార్ హొయేఛే, దాదా!" అన్నాడు. ఈసారి కుదిరిందట! మావయ్య బజారంతా వినబడేలా, "ఈ పిల్లే తీసింది," అని అరిచాడు. నేను అంతగా పొంగిపోయిన రోజు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా దగ్గరికి పిల్లలు పని నేర్చుకోవడానికి వస్తారు. చెడితే కొంప మునిగే సరుకే వాళ్ళ చేతుల్లో పెట్టి, టీకని బయటికొచ్చేస్తాను. ఆ టీ గొంతు దిగదు. ఆ రోజు మావయ్యకి మాత్రం దిగిందంటారా?