ఎలకల గదిలో పంక్తిభేదం

పెదబాబుకి జాలి ఎక్కువ. అలాంటివాణ్ణి తెచ్చి ఎలకల గదికి కాపలా పెట్టినవాళ్ళని అనాలి గాని, ఆయన్ని అని ఏం లాభం?

చోడవరం దాటాక ఉన్న మందుల కాలేజీలో తెల్ల ఎలకలకి మేత వెయ్యడం, బోనులు కడగడం ఆయన పని. పరిశోధన అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న సంయుక్తది. మలేరియా టీకా ఒక్కటే ఇస్తే ఒంట్లో తగినంత బలం పుట్టదట. పనస పిక్కల్లోంచి తీసిన ప్రోటీన్ కలిపి ఇస్తే ఒళ్ళు రోగంతో గట్టిగా కలబడుతుందేమోనని ఆమె ఆశ. అది తేల్చడానికి మొదటి బోనుకి పనస కలిపిన టీకా, రెండో బోనుకి ఉత్త టీకా ఇచ్చి, రెంటికీ రోగం ఎక్కించింది.

పెదబాబుది వడ్డాది. ఊళ్ళో ఏ పెళ్ళయినా వడ్డన ఆయనదే. ఒక విస్తట్లో నెయ్యి వేసి పక్క విస్తరి దాటిపోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. పెళ్ళాం రాజ్యం క్యారేజీలో పెట్టిన ఉడికించిన పనస పిక్కలు రోజూ నాలుగు చిదిపి రెండో బోనులో వేశాడు.

నెల తిరిగేసరికి సంయుక్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"రెండు బోనులూ ఒక్కలాగే ఉన్నాయి బాబాయ్. పనస వల్ల ఒరిగిందేం లేదు. మూడేళ్ళ కష్టం. సోమవారం మా సార్‌తో మానేస్తానని చెప్పేస్తాను."

పెదబాబు గుండెల్లో రాయి పడింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం పొద్దున్నే ఆమె ఎదట నిలబడ్డాడు.

"అమ్మా, రెండో బోనుకి పనస పిక్కలు నానే ఎట్టేను. పంక్తిలో బేదం సూపకూడదు గదమ్మా."

సంయుక్తకి ముందు కోపమొచ్చింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది.

"ఉడికించినవి పనిచేస్తాయో లేదో నాకూ తెలీదు. కానీ మేత మారింది కాబట్టి ఈ లెక్క చెల్లదు. కొత్త ఎలకలతో మళ్ళీ మొదలెడతాను. జరిగింది సార్‌కి చెబుతాను, మిమ్మల్ని తియ్యొద్దని కూడా చెబుతాను."

పెదబాబు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"మరి ఈటిని ఏటి సేస్తారమ్మా?"

"రోగం ఎక్కించినవి బాబాయ్, ఉంచకూడదు. మీరు ఒక్కొక్కటీ పట్టి ఇవ్వండి, నొప్పి తెలీకుండా పోయేలా నేను మత్తిస్తాను."

ఉద్యోగం పోయినా బాగుండుననిపించింది ఆయనకి. బోనుల మూతలు తీశాడు. మొదటి బోనులోవి మూలకి నక్కాయి. రెండో బోనులోవి మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆయన అరచేతిలోకి ఎక్కాయి.