మేరిని గుట్ట మీదే వదిలేసి వచ్చారు

మా చిన్నప్పుడు... తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను ఏడో తరగతి. మోత్కూర్ అవతల గుట్ట చూపిస్తామని మా బడి పిల్లల్ని వరసగా నడిపించుకుపోయారు. ముందు మెడలో ఈలతో పట్నం నుంచి వచ్చిన గైడు... వెనక మా లెక్కల సారు. పొద్దుటి నుంచే మబ్బు కమ్మి ఉంది.

పత్తి చేలు దాటి సగం గుట్ట ఎక్కామో లేదో, ఈదురుగాలితో వాన దంచింది. బండలన్నీ జారుడే.

"వాపస్ పోదాం సార్, పిల్లలు వణుకుతున్నరు" అన్నారు మా సారు.

గైడు నవ్వాడు. "వానలో నడిస్తేనే మజా సార్. పైన బ్యానర్ పట్టుకుని ఫోటో దిగాలి కదా!"

అంతలోనే నా దోస్తు మేరి జారిపడింది. చూస్తుండగానే చీలమండ ఉబ్బింది... గైడు వంగి కూడా చూడలేదు. "ఇక్కడే కూర్చో. దిగేటప్పుడు తీసుకుపోతాం."

"నేను గూడ ఈడనే ఉంట సార్" అన్నాను. ఎవరూ వద్దనలేదు.

ఓ బండ చాటున ఒదిగి కూర్చున్నాం. ఉరిమినప్పుడల్లా మేరి నా చెయ్యి నలిపేసేది. "వస్తరు లేవే" అంటూనే ఉన్నాను... వాళ్లేమో గుట్టకు అవతలి వైపు నుంచి దిగిపోయారట. మమ్మల్ని మరిచేపోయారు!

బడి పక్క చేనులో కలుపు తీస్తూ వానకు బడి వరండాలోకి చేరిన మేరి వాళ్లమ్మ, తిరిగొచ్చిన పిల్లల్లో బిడ్డ కనబడక గుట్టకు పరుగెత్తుకొచ్చింది. మేరిని వీపున వేసుకుని, నన్ను కొంగు పట్టుకోమని, ఆ బురదలో దించింది.

బడిలో గైడు వేడివేడి చాయ్ తాగుతున్నాడు.

"లెక్కవెట్టుకోని తీస్కపోయినవ్ గద... లెక్కవెట్టుకోని తేవద్దా? ఇద్దరు ఆడపిల్లలు లేరని గూడ ఎర్కలేదా నీకు?" అని నిలదీసింది ఆమె.

"ఏం కాలేదు కదమ్మా... కొంచెం నెమ్మదిగా మాట్లాడు" అన్నాడతను.

ఏం కాలేదా? దవాఖానలో ఎముక చిట్లిందన్నారు. పిండికట్టు వేశారు.

మర్నాడు ప్రార్థనలో వానలోనూ పిల్లల్ని గుట్ట ఎక్కించాడని ఆ గైడును మెచ్చుకుని అందరినీ చప్పట్లు కొట్టమన్నారు. నేను కొట్టలేదు. ఎందుకని హెడ్మాస్టర్ గద్దించారు. "మేరిని ఇడిశిపెట్టి వచ్చిన్రు సార్" అన్నాను. నన్నే గోడ దగ్గర నిలబెట్టారు... అన్నీ తెలిసిన లెక్కల సారు తల దించుకున్నారు.

మేరి ఇప్పుడా సంగతి నవ్వుతూ చెబుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇప్పటి బళ్లలో పిల్లలు గేటు దాటితే చాలు, ఇంటికి ఫోన్లో కబురొస్తోంది... మంచిదే. ఆ రోజు మాకు అంత కూడా అక్కర్లేదు. ఎవరైనా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే చాలేది.

మిమ్మల్నీ ఎప్పుడైనా ఇలా వదిలేసి వచ్చారా? చెప్పండి... అప్పుడెవరూ వినలేదు, ఇప్పుడు మనమైనా విందాం.