బొట్టు పెట్టిన రాక్ రికార్డు

ఆ రోజుల్లో ఎవరేమడిగినా నా నోటికి ముందొచ్చే మాట ‘ఎస్’. అసలు జవాబు ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఆక్లాండ్ సిటీ సెంటర్లో ఓ రికార్డుల షాపులో వారం రోజుల ట్రయల్ మీద చేరినప్పుడూ అంతే. శుక్రవారం సాయంత్రం బాస్ నా చేతిలో ఒక ఎల్పీ రికార్డు పెట్టాడు. ముగ్గురే ముగ్గురున్న అమెరికన్ హార్డ్ రాక్ బృందం మొదటి ఆల్బమ్. “ఇంటికెళ్లి విను. నచ్చిందేమిటో కార్డు మీద రెండు ముక్కలు రాసుకురా. రేపు షాపులో వేద్దాం. అమ్ముడైతే ఉద్యోగం నీదే. ఇంట్లో ప్లేయర్ ఉందిగా?” “ఎస్” అన్నాను. (పాపటోయిటోయిలో నేను అద్దెకుండే ఆంటీ ఇంట్లో సంగీత పరికరమంటే ప్రెషర్ కుక్కరే.)

కవరు మీది ఫొటో చూసి ఆంటీ జాలిపడ్డారు. “ముగ్గురేనా? ఆ జుట్టేంటమ్మా, అన్నం తింటారా వీళ్లు?” అని, నా మొదటి ఉద్యోగం తాలూకు వస్తువు కదా అని రికార్డుని దేవుడి గూట్లో పెట్టేశారు. పొద్దున చూద్దును కదా, నల్లటి రికార్డు కవరు బయట ఉంది. దాని గీతల మీద తడి కుంకుమతో మూడు బొట్లు, మనిషికొకటి చొప్పున.

“కవరుకి పెట్టొచ్చుగా ఆంటీ!”

“పాడేది కవరా, పళ్లెమా?”

చున్నీతో తుడిస్తే కుంకుమ గీతల్లోకి ఇంకా దిగింది. బస్సులో కూర్చుని కార్డు మీద ‘ముగ్గురే. కానీ పెళ్లివారు దిగినట్టుంటుంది’ అని రాశాను.

షాపులో బాస్ ముల్లు ఆనించాడు. ఒక కేక, వెంటనే “ధన్-ఆ, ధన్-ఆ, ధన్-ఆ”. ముల్లు మొదటి బొట్టు దాటలేదు. నెరిసిన గడ్డం కస్టమరొకాయన కళ్లు మూసుకుని తలూపుతున్నాడు. “ఎంత పట్టుదల! అస్సలు తగ్గట్లేదు కుర్రాళ్లు.”

బాస్ నా వైపు తిరిగాడు. “నిన్న విన్నప్పుడు కూడా ఇలాగే ఉందా?”

‘ఎస్’ పెదాల దాకా వచ్చింది. ఎలా మింగానో తెలియదు. “నో. నేను వినలేదు. మా ఇంట్లో ప్లేయర్ లేదు. అది కుంకుమ.”

రికార్డు మాత్రం ధన్-ఆ అంటూనే ఉంది. గడ్డం ఆయన కళ్లు తెరిచి, “నాకు ఆ కుంకుమదే కావాలి” అన్నాడు.

ఆయన సంచి ఊపుకుంటూ వెళ్లాక బాస్ నిట్టూర్చాడు. “సోమవారం రా. కుంకుమ తేకు.”

ఆ ఆల్బమ్‌దే ఇంకో కాపీ ఇప్పుడు నా దగ్గరుంది, ప్లేయర్‌తో సహా. బాగానే పాడారు పాపం. కానీ ఆ చోటు ఒక్క ‘ధన్-ఆ’తో దాటిపోతుంటే ఏదో వెలితి. ఆనాటి డైరీ తీస్తే ఒక్కటే వాక్యం: ‘ఈరోజు జవాబు అక్కడే చెప్పేశాను.’ మిగతా పేజీ అంతా ఖాళీ.