మూడో తొట్టెలో గ్యాస్ తగ్గింది

మా పిన్ని పంతొమ్మిదేళ్ళుగా ఒక తొట్టెకు అన్నం పెడుతోంది. ఈ మాట నాది కాదు, ఆమెదే. గోబర్ గ్యాస్ మీద పరిశోధన చేసే కేంద్రంలో ఆమె ఉద్యోగం. రోజూ పొద్దున్న ఏడింటికి ఇరవై కిలోల పేడ తూచి, అంతే గోరువెచ్చని నీళ్ళు పోసి, చేత్తో పిసికి, గడ్డిపరకలు ఏరేసి, మూడో నంబరు తొట్టె గొట్టంలో పోస్తుంది. తర్వాత గ్యాస్ మీటరు చూసి పలక మీద అంకె వేస్తుంది. మీథేన్ అనే ఆ గ్యాస్ ఎంత ఎక్కువ పుడితే తొట్టె అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. నేను అక్కడే టైపు పని చేస్తాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూసిందే.

ఆవరణలో పశువుల కొట్టాలు రెండున్నాయి. ఆవు త్రేన్చినప్పుడల్లా ఇదే మీథేన్ గాల్లో కలిసి భూమిని వేడెక్కిస్తుందట. దాన్ని తగ్గించడానికి దగ్గర కొట్టంలో ఆవులకు దాణాలో ఒక పొడి కలిపి పెడతారు. దూరం కొట్టంలో ఆవులు మామూలు మేత తింటాయి, తొట్టెకు వెళ్ళాల్సింది వాటి పేడే. అంటే ఒకచోట గ్యాస్ తగ్గితే సంబరం, ఇంకోచోట తగ్గితే ఏడుపు. ఒకసారి కేంద్రాన్ని నడిపే పెద్దసారు ఫోన్ చేసి "తగ్గిందా?" అన్నారు. ఫోనెత్తిన పిన్ని "తగ్గింది సార్" అంది. "శభాష్!" అని పెట్టేశారు. ఆయన అడిగింది ఆవుల సంగతి, ఆమె చెప్పింది తొట్టె సంగతి. మధ్యాహ్నానికి గానీ ఆ ముక్క ఇద్దరికీ తెలియలేదు.

ఈ ఏడు మాత్రం నవ్వులాట కాదు. పలక మీద ఎనిమిది వందల లీటర్లుండేది ఆరు వందలైంది, మూడు వారాలకు మూడు వందల యాభైకి పడిపోయింది. ఆ తొట్టె మీద చిన్న మేడం మూడేళ్ళుగా థీసిస్ చేస్తోంది. తొట్టె చచ్చిపోతే మళ్ళీ మొదట్నుంచీ రావాల్సిందే. పెద్దసారు పలక చూసి అందరి ముందూ అనేశారు.

"ఆవిడకి వయసు మీద పడింది, కొలత తప్పుతోంది. ఒకటో తారీకు నుంచి తొట్టె ఇంకొకరికి ఇచ్చి, ఈవిడ్ని ఊడ్చే పనిలో వెయ్యండి."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. నాకూ మండింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె కొలత తప్పడం చూసిన మొనగాడెవడో రమ్మనండి! ఆమె మాత్రం ఎవరితోనూ వాదించలేదు. తూకంరాళ్ళు పెట్టి కాటా చూసుకుంది. నీళ్ళ వేడి చూసింది. గొట్టంలో కర్ర పెట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది పేడ.

పేడ తెచ్చేది బాబాయి. ఆయన ఆ కొట్టాల్లోనే రోజుకూలీ. అంతకుముందు ఇద్దరూ కలిసి వెళ్ళి తెచ్చేవాళ్ళు. రెండు నెలల కిందట పిన్నికి మోకాలు వాచింది, అప్పట్నుంచి ఆయనొక్కడే తెస్తున్నాడు. మర్నాడు పిన్ని ఆరున్నరకే వెళ్ళి దారి మలుపులో నిలబడింది. బాబాయి తోసుకొస్తున్న బండి, దూరం కొట్టంలోంచి కాదు, దగ్గర కొట్టంలోంచి బయటికొచ్చింది.

"ఎక్కడిదయ్యా ఈ పేడ?"

"ఎక్కడిదైతే ఏముందే? పేడ పేడే కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాల కింద బండి చక్రం పాడైంది చూడు, అప్పట్నుంచి. అంత దూరం నుంచి ఈడ్చుకొచ్చేసరికి ఆలస్యమైతే నువ్వూరుకుంటావా? ఆ మోకాలేసుకుని నువ్వే బయల్దేరతావు. అందుకనీ..."

పిన్నికి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో నాతో చెప్పేటప్పుడు కూడా తేల్చుకోలేకపోయింది. ఆయన పేరు చెబితే ఆయన పని పోతుంది. నోరు మూసుకుంటే తొట్టె పోతుంది, దాంతోపాటే చిన్న మేడం మూడేళ్ళ చదువూ పోతుంది.

తిన్నగా పెద్దసారు గదికి వచ్చింది. నేనూ చిన్న మేడం అక్కడే ఉన్నాం.

"కొలత తప్పలేదు సార్, పేడ మారింది. మూడు వారాలుగా దగ్గర కొట్టందే పోస్తున్నాను."

"ఎవరు తెచ్చారు?"

"ఎవరు తెస్తే ఏంటి సార్? తొట్టె నోట్లో పెట్టేది నేను. ఏం పెడుతున్నానో చూసుకోవాల్సింది నేనే. ఊడ్చే పనిలో వేస్తే వెయ్యండి."

పెద్దసారు నోరు తెరిచేలోపే చిన్న మేడం కుర్చీలోంచి లేచింది. "అంటే ఆ పొడి ఆవు కడుపులో ఆగట్లేదు సార్! పేడలోకీ వస్తోంది. తొట్టెలో గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవుల్ని కూడా అణిచేస్తోంది. ఇది మనమెవరమూ చూడనేలేదు."

పరీక్షలు చేశారు, నిజమేనని తేలింది. మామూలు పేడ మొదలుపెట్టాక నాలుగో వారానికి తొట్టె కోలుకుంది. థీసిస్‌లో కొత్త అధ్యాయం చేరింది, టైపు చేసింది నేనే. పేడ మారిన సంగతి వచ్చే చోట పెద్దసారు "సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని రాసిచ్చారు. చిన్న మేడం అది కొట్టేసి "పొరపాటున" అని రాసింది. తొట్టె పిన్ని దగ్గరే ఉండిపోయింది.

బండికి కొత్త చక్రం వేయించారు. ఇప్పుడు మళ్ళీ ఇద్దరూ దూరం కొట్టానికి వెళ్ళొస్తున్నారు. బాబాయి తోస్తాడు, పిన్ని బండి అంచు పట్టుకుని పక్కనే నడుస్తుంది. మొన్న పొద్దున్న నేను వాళ్ళ వెనకాలే వస్తున్నాను.

"మోకాలెలా ఉందే?" అన్నాడు బాబాయి.

"తగ్గిందయ్యా," అంది పిన్ని.

బండి తోయడానికి ఆమె సాయం పడుతోందని బాబాయి అనుకుంటున్నాడు. ఆమె ఒంటి బరువంతా ఆ అంచు మీదే మోపి నడవడం వెనకనుంచి నాకు కనిపిస్తూనే ఉంది.