కండువా కింద బేరం

దలాలి మామ పోయాడన్న మాట నాకు పత్తి మార్కెట్టులో తెలిసింది. నేను తూకం చీటీ రాస్తున్నాను. "మీ మామ తెల్లారేసరికి ల్యాడంటప్పా," అన్నాడు బండాయన, ఎద్దులను విప్పుతూనే. చీటీ పూర్తిచేసి చేతికిచ్చాను. ఆయన అవతలికి పోయాక పక్కనున్న పత్తి మూట మీద కూర్చున్నాను.

ఏడుపు రాలేదు. భయం వచ్చింది. ఇకమీద భయమేస్తే ఎవరి దగ్గరికి పోవాలన్నదే మొదట తోచిన ఆలోచన. ఇది చదివేవాళ్లలో ఆయన్ను ఎరిగిన కొందరికైనా ఈ మాట వింతగా ఉండదనుకుంటాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. బళ్ళారి బ్రూస్‌పేటలో మా పక్కింటివాడు. నల్లరేగడి ఊళ్ల నుంచి రైతులు తెచ్చే పత్తికి ధర కుదిర్చే దలాలి. మా మార్కెట్టులో ధర నోటితో చెప్పరు. దలాలి, కొనేవాడు చేతులు కలుపుతారు. పైన కండువా కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు. కుదిరితే చెయ్యి గట్టిగా అదుముతారు, కుదరకపోతే వెనక్కి లాక్కుంటారు. మామ బేరానికి ముందు ఉంగరం తీసి నడుముకు చెక్కుకునేవాడు, వేళ్ల లెక్కకు అది అడ్డం రాకూడదని. బేరం ముగిసేదాకా ఆకు వక్క ముట్టేవాడు కాదు. ధర ఎంత పలుకుతోందోనని రైతు ఆయన ముఖంలోకి చూస్తే, "నా మొగం యేం చూస్తావప్పా? నా పెండ్లాం ఇరవై యేండ్లుగా చూస్తాండాది, ఆయమ్మకే యేమీ తెలీల్యా," అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో మూటలు మోస్తూ, గోడమీది పేర్లు చూసి అక్షరాలు పట్టుకొని, తర్వాత అదే మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాను. ఇంటి ఖర్చు కూడా దినమూ రాసుకోవడం అప్పుడు పట్టిన అలవాటే. పెళ్లైన కొత్తలో ఒక ఇన్సూరెన్సు ఏజెంటు మిల్లుకు వచ్చాడు. లాభంలో పాలు ఉండే పాలసీ అన్నాడు. కంపెనీకి లాభం వచ్చినప్పుడల్లా బోనసు దానికి చేరుతూ పోతుంది, గడువు తీరాక అంతా కలిపి ఇస్తారు. ముందే చచ్చిపోతే ఇంట్లోవాళ్లకు ఇస్తారు. మధ్యలో వద్దనుకుంటే మాత్రం కట్టినదాంట్లో సగమైనా రాదు. నేను తేల్చుకోలేక మామను అడిగాను.

"నీకు భూమి ఉండాదా?"

"ల్యా మామా."

"అయితే ఇదే నీ మడి అనుకో. నీళ్లు పెడ్తా ఉండు."

ఆయన మాట మీదే చేరాను.

కొన్నేళ్లు సాఫీగా గడిచింది. తర్వాత మా జిల్లా రెండయింది. ఆదోని ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. ఏ పత్తి ఏ మార్కెట్టుకు పోవాలో ఎవరికీ తేలని రోజుల్లోనే ధర కూడా పడిపోయింది. రైతులు బండ్లు తెచ్చి, ధర విని, మళ్లీ తోలుకొని పోయేవాళ్లు. ఒకనాడు మిల్లు ఇంజను ఆపేశారు. దినమంతా వినిపించే ఆ చప్పుడు ఆగితే మా వీధి మొత్తానికీ చెవుడు వచ్చినట్టయింది.

అప్పుడే ఆ మాట పుట్టింది. మా పాలసీ కంపెనీ మునిగిపోతోందని. ఎవరు పుట్టించారో తెలియదు. కాఫీ హోటల్లో ఒకాయన "దుడ్డు ఇల్లంతె" అని, డబ్బు లేదంట అని, కన్నడంలో అంటే, క్షౌరం చేసే ఆయన ఈసారి బోనసు ఇయ్యరంట అన్నాడు. మిల్లులో నాతో పనిచేసిన ఫిట్టరు తన పాలసీ సరెండరు చేసి, వచ్చిన నోట్లు వీధిలోనే నాకు చూపించాడు. "ఈపొద్దు ఇస్తాండారు. రేపు బీగం ఏస్తే యాడికి పోతావు? జల్దీ చూస్కో," అన్నాడు. అతడికి వచ్చింది సగంకన్నా తక్కువే. అయినా ఇంటికి పోయి ముందు నా పాలసీ కాగితం వెతుక్కున్నాను.

ఆ దినాల్లో నాకు అన్నం లోపలికి పోయేది కాదు. మిల్లు మళ్లీ తెరుస్తారో లేదో తెలియదు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్లో ఆమెకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. పాలసీ వదులుకుంటే నాలుగు నెలలు గడుస్తుంది. ఆ తర్వాత నాకేమైనా అయితే వాళ్లకు ఏమీ మిగలదు. వదులుకోకుండా ఉంటే, కంపెనీ మునిగితే, ఇన్నేళ్ల నోటికాడి కూడు పోయినట్టే. ఎటు తిరిగినా గుంతే కనిపించింది. కంచం ముందు అట్లాగే కూర్చుంటే నా భార్య, "ఏంది, మెతుకులు కూడా లెక్క రాస్తాండావా?" అంది. నవ్వించాలనే అంది. తన కంచంలోనూ మెతుకు తగ్గలేదు.

మరునాడు పాలసీ కాగితం సంచిలో పెట్టుకొని కంపెనీ ఆఫీసుకు బయలుదేరాను. మామ తన అంగడి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పత్తి లేదు, బేరం లేదు.

"యాడికప్పా, పెండ్లికి పోయినట్ల ఉతికిన చొక్కా ఏస్కోని?"

చెప్పాను. ఆయన ఉంగరం తీసి నడుముకు చెక్కుకున్నాడు.

"చెయ్యి ఇట్ల తే."

"నా దగ్గర పత్తి యాడిది మామా?"

"తే అంటాంటే!"

కండువా కప్పాడు. "నువ్వు అమ్మేటోనివి, నేను కొనేటోణ్ణి. ఒక్కొక్క ఏలూ వంద. అడుగు."

ఆఫీసులో ఎంత ఇస్తారో విచారించి పెట్టుకున్నాను. ఆయన వేళ్లు నాలుగు పట్టుకున్నాను. ఆయన నావి మూడే పట్టుకున్నాడు. నేను ఊరకున్నాను. రెండు పట్టుకున్నాడు. ఊరకున్నాను. చివరికి నా చూపుడువేలు ఒక్కటే పట్టుకుని, ముఖంలో ఏమీ కనిపించకుండా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఇన్నేండ్లల్లో ఇట్లాంటి అమ్మేటోణ్ణి నేను చూడల్యా," అన్నాడు. "నాలుగు ఒకటైనా చెయ్యి ఎనక్కి తీసుకోల్యా నువ్వు. నువ్వు పాలసీ అమ్మల్యాదప్పా. భయం అమ్ముతాండావు. దానికి ఎవుడు ధర ఇస్తాడు?"

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. "కంపెనీ మునగదని నువ్వు చెప్పు మామా. ఇంటికి పోతా," అన్నాను.

"మునుగుతాదో ల్యాదో నాకేం తెలుసు? నేనేమన్నా దాని సొంతదారుణ్ణా?" గట్టిగా అరిచాడు. మళ్లీ గొంతు తగ్గించాడు. "నీకిప్పుడు కావాల్సింది యేంది? ఇంట్లోకి గింజలు. దానికి మడి అమ్మేది యేంది? జొన్నలు నేనిస్తా. మిల్లు తెరిచేదాకా నా అంగడి లెక్కలు రాయి. రాసేదానికి యేమీ ల్యాదనుకో. ఈగలన్నా తోలు."

సంచితో ఇంటికి తిరిగి వచ్చాను. జొన్నలు సాయంత్రానికి వచ్చాయి. భయం మాత్రం పోలేదు. ఆయన తీసేశాడని రాస్తే అది అబద్ధం. కిస్తు కట్టిన ప్రతిసారీ బావిలో వేస్తున్నట్టే ఉండేది. ఆఫీసు ముందు జనం గుమిగూడారని వింటే గుండె జారేది. మామ అంగట్లో కూర్చుని ఖాళీ పుటలో గీతలు గీస్తూ, ఆయన మాట విని పిల్లల గొంతు కోశానా అనుకునేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పటిలాగే కాళ్లు చాపుకుని, దారినపోయే వాళ్లతో హాస్యాలాడుతూ ఉండేవాడు. ఆ ధీమా చూసి ఒక్కోసారి ఒళ్లు మండేది.

మిల్లు మళ్లీ తెరిచారు. ఆ కంపెనీని కూడా మిగతా ఇన్సూరెన్సు కంపెనీలతోపాటు సర్కారే తీసుకుంది. పోయినేడు నా పాలసీ గడువు తీరింది. బోనసు, ఏజెంటు చెప్పినంత కాదు గానీ, వచ్చింది. మా మూడో బిడ్డ నర్సు ట్రైనింగుకు పోతోంది ఆ డబ్బుతోనే. చెక్కు తీసుకొని ముందు మామ దగ్గరికే పోయాను.

"ఇప్పుడన్నా భయం పోయిందా?"

"ఈ చెక్కు యాడన్నా పోగొట్టుకొంటానేమో అని ఉండాది మామా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం చూసింది ఆ ఒక్కసారే.

కర్మలు అయ్యాక అత్తను చూడబోయాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక, పాలసీ సంగతే ఎత్తి, మామ ధైర్యం వల్లనే మేము నిలబడ్డామని చెప్పాను.

"ధైర్యమా?" అంది అత్త. "ఆ యేడు మీ మామ ఒక్క రాత్రన్నా సరిగ్గా నిద్రపొయ్యినాడేమి? ఆ పిల్లోని సంసారం ముంచినానేమే, నా మాట ఇని చేరినాడే అని ఒగటే గొణుగుడు. పొద్దున్నే ల్యాచి ఆ కంపెనీ ఆఫీసు కాడికి పొయ్యేటోడు. తలుపు తెరుస్తారో ల్యాదో చూసేదానికి. తెరిచినంక ఇంటికొచ్చి కాఫీ తాగేటోడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకొన్యాడు."

ఆ ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు సైకిళ్ల అంగడి ఉంది. అటు పోయినప్పుడల్లా నాకు పాత ఆఫీసే కనిపిస్తుంది; దాని ఎదుట సందు మొగలో, ఇంకా ఎండ పడని గోడ వారగా, ముఖమైనా కడుక్కోకుండా వచ్చిన ఒక మనిషి నిలబడి ఉంటాడు. వీధి ఊడ్చే ఆమె ఆయన పాదాల చుట్టూ ఊడ్చుకుంటూ పోతుంది. ప్యూను తాళాల గుత్తి పట్టుకుని మెల్లగా వస్తాడు, బీగంలో ఒక తాళంచెవి పెట్టి తిప్పుతాడు, అది కాదని ఇంకొకటి వెతుకుతాడు. అవతల ఆయన ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాడు.