గోడ గడియారం ఖరీదు

ఉచితం అన్న మాట కనపడగానే మీరు ఆలోచించడం ఎందుకు మానేస్తారు? గల్ఫ్ నుంచి డబ్బు చేరవేసే ఏజెంట్లు పెద్దపల్లి గోడల నిండా "పైసా కోత లేదు" అని రాయించి, పంపినవాళ్ల ఇళ్లకు గోడ గడియారాలు పంచిన రోజులవి. కోతంతా దిర్హాలను రూపాయల్లోకి మార్చే రేటులో దాచేవారు. ఇలాంటి ప్రకటనలను అరికట్టే చట్టం కావాలని నేనూ నా ప్లీడరు మిత్రుడూ ఊరూరా సంతకాలు సేకరించాం. అతనంటే నాకు అసూయ. ఏ వస్తువు చూసినా మెల్లగా నిమిరి, "గిది మనకు ఎంతల వడ్డది?" అని ఖరీదు అడగడం అతని అలవాటు.

ఒక ఇంట్లో నేను దోపిడీ గురించి గర్జించాను. ఆ ఇల్లాలు కసిరింది. "మా ఆయన దుబాయ్‌ల కష్టపడితె వచ్చిన గడియారం. దాన్నెందుకు తిడుతున్నవ్ సారూ?"

అతను గడియారం అద్దం నిమిరాడు. "మంచిగున్నదక్కా. గిది మనకు ఎంతల వడ్డది?"

"ఉత్తగనే ఇచ్చిండ్రు."

"బావ ఉత్తరంల రాసిన లెక్క, నీ చేతికొచ్చిన పైసలు ఒక్కతీరుగనే ఉన్నయా?"

ఆమె ఉత్తరం తీసి వేళ్ల మీద లెక్కేసింది, పైసలు తక్కువే వచ్చాయి. తర్వాత గడియారం దింపి అతని చేతుల్లో పెట్టింది. "గిది ఎమ్మెల్యేకు జూపెట్టుండ్రి. సంతకం ఏడ వెట్టాల్నో చెప్పు తమ్మీ."

అతను తమ్ముడయ్యాడు, నేను సారుగానే మిగిలాను. అన్నేళ్ల నా ఉపన్యాసాలు ఏ గడపలోనూ అంత చనువు సంపాదించలేదు. ఆ అసూయ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

గడియారం, సంతకాలు చూసి ఎమ్మెల్యే అసెంబ్లీలో బిల్లు పెడతానన్నాడు. "వచ్చే సమావేశాల్లో" అంటూనే ఉన్నాడు. ఈలోగా నా మిత్రుడు చనిపోయాడు. అతనిలా మెత్తగా అడగడం నాకు చేతకాదు, అందుకే గట్టిగా చెబుతున్నాను: ఈసారి ఓటడగడానికి వచ్చిన వాణ్ణి, ఆ బిల్లు ఏమైందో చెప్పేదాకా మీ వాకిట్లోంచి కదలనివ్వకండి.