అటక మీద కాయలు, వెనకగదిలో గీతలు

ఆ ఏడాది మా ఇంట్లో వైఫై పెట్టించింది నా కోసం కాదు, మా చెల్లెలి కోసం. ఆమెకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చిన్నప్పుడు బడికి పంపాలని మాలో ఎవరికీ తోచలేదు కాబట్టి చదవడమూ రాయడమూ కూడా రావు. పెళ్లయ్యాక బావగారు ఆమె సైగలు నేర్చుకున్నారు. ముప్పై ఏళ్లు పక్కనే పెరిగిన నాకు సగమే తెలిసినవి ఆయనకి ఆరు నెలల్లో పూర్తిగా పట్టుబడ్డాయి. తర్వాత ఆయన గల్ఫ్‌లో ఒక కంపెనీ మెస్సులో వంటపనికి వెళ్లారు. చెల్లెలు అంబాజీపేట దగ్గర మా ఇంటికి వచ్చేసింది. అప్పటి మా ఫోన్లలో మనిషి కనపడడు కాబట్టి అవి ఆమెకి పనికిరాని వస్తువులు. ఆయన సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిపెట్టిన లాప్‌టాప్‌లో, ఆయనకి పని లేని శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రమే ఆ ఇద్దరూ మాట్లాడుకునేవారు.

అప్పటిదాకా మాది వైరు కనెక్షను. ఆ వైరు ముందు హాలు దాటి రాదు. అంచేత చెల్లెలు హాల్లో కూర్చునే మొగుడితో మాట్లాడాలి. పాల కోసం వచ్చినవాళ్లూ కొబ్బరి బేరానికి వచ్చినవాళ్లూ ఆగి చూసేవారు. నేనూ చూసేవాణ్ణి, అబద్ధమెందుకు. మేము అలా చూస్తుంటే ఆమె చేతులు ఒళ్లోకి ముడుచుకుపోయేవి. ఆమెకి హాల్లో మాట్లాడడమంటే నలుగురిలో గుట్టు విప్పడమేనని నాకు చాలా రోజులు తట్టలేదు. ఒకరోజు లాప్‌టాప్ ఎత్తి గుండెలకి హత్తుకుని, వెనకగది వైపు వేలు చూపించి, తలుపు వేస్తున్నట్టు సైగ చేసింది. అప్పుడు బుర్రకెక్కింది.

సోమవారం లైన్‌మన్ కొత్త రూటరు తెచ్చి బిగించాడు. ఫోను వైరు లోపలికి వచ్చేచోట, హాలు గోడకి బాగా పైన మేకులు కొట్టాడు.

"ఎత్తులో ఉంటే నాలుగు గదులకీ అందుద్దండి," అన్నాడు.

"వెనకగదికి కూడానా?"

"ఆయ్, పుష్కలంగా అందుద్దండి. మీరే చూద్దురుగాని."

చూశాం. వెనకగదిలో లాప్‌టాప్ మూలన సిగ్నలు గీతలు నాలుగూ నిండుగా వెలిగాయి. చెల్లెలు నాలుగు వేళ్లు ఎత్తి చూపించి నవ్వింది. మా ఆవిడ స్టూలెక్కి రూటరుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మోటారు కొన్నా మిక్సీ కొన్నా మా ఇంట్లో జరిగే మర్యాదే అది.

మంగళవారం కాయలు ఎక్కించాం. దీని గురించి కాస్త చెప్పాలి. మా వైపు కురిడీ కొబ్బరి చేసేవాళ్లం ముదురు కాయల్ని పీచుతో సహా అటక మీద పోసి ఏడాది పాటు వదిలేస్తాం. లోపలి నీళ్లు వాటంతటవే ఇంకిపోయి కొబ్బరి గుండ్రటి గుడ్డులా ఎండుతుంది. మా అటక నడిమి గది మీద ఉంది. పాత సరుకు ముందు వారమే దించి పంపేయడంతో సోమవారం నాటికి అది ఖాళీ. మంగళవారం సాయంత్రానికి వేల కాయలు కప్పుకి తగిలేలా నిండిపోయాయి. ఏటా జరిగే పని కాబట్టి మా కళ్లకి అది ఆనలేదు.

బుధవారం వెనకగదిలో ఒక్క గీత కూడా లేదు.

నెట్ కంపెనీ నంబరుకి ఫోను చేశాను. ఏ లైటు వెలుగుతోందని అవతలివాడు అడిగాడు. అన్నీ వెలుగుతున్నాయన్నాను. ఆపి మళ్లీ వెయ్యమన్నాడు, వేశాను. పిన్నీసుతో వెనక బొక్కలో నొక్కమన్నాడు, నొక్కాను. దాంతో పాస్‌వర్డు ఎగిరిపోయి హాల్లో వచ్చేది కూడా రాకుండా పోయింది. దాన్ని మళ్లీ రప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. హాల్లో నాలుగు గీతలు, నడిమి గదిలో ఒకటో రెండో, వెనకగదిలో సున్నా. మొన్న వచ్చింది ఇవాళ్టికి ఎక్కడికి పోతుంది? నాకేమీ అంతుపట్టలేదు. బొట్టు పొడి చిల్లుల్లోంచి లోపలికి పోయిందేమోనని మా ఆవిడ మీద ఎగిరాను.

"మోటారుకీ పెట్టేనండి. నీళ్లు ఆగిపోయేయా?" అంది.

తడిగుడ్డ తెచ్చి బొట్టు తుడిచాను. మార్పేమీ రాలేదు. లైన్‌మన్‌కి ఫోను చేస్తే ముమ్మిడివరంలో ఉన్నాననీ శనివారం గాని రాననీ అన్నాడు.

ఈ గొడవలో ఉండగానే బావగారు ఫోను చేశారు.

"బావగారూ, కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లకి కాగితం ఇచ్చేరండి. రేపు సాయంత్రంలోగా సంతకమన్నా పెట్టాలి, లేదా టిక్కెట్టు తీసుకుని వచ్చెయ్యాలి. ఆవిణ్ణి అడక్కుండా పెట్టలేనండి. రేపు మధ్యాహ్నం కంప్యూటరు దగ్గర కూర్చుంటాను, కాస్త చూపించండి."

చెల్లెలికి నాకొచ్చిన సైగల్లో చెప్పాను. విమానం, కాగితం, రెండు వేళ్లు, రేపు. ఆమెకి అర్థమైంది. ముఖం ఒక్కసారిగా గట్టిపడింది. హాల్లో కూర్చుని మాట్లాడమన్నాను. తల అడ్డంగా ఊపింది. మరోసారి బతిమాలాను. వెనకగది చూపించి, తలుపు వేసినట్టు సైగ చేసి, రూటరు వైపు వేలెత్తి, నా భుజం మీద రెండుసార్లు కొట్టింది. బాగుచెయ్యమని.

గురువారం పొద్దుటి నుంచీ నేను చెయ్యని పని లేదు. రూటరుకున్న కొమ్ముల్ని తూర్పుకి తిప్పాను, పడమటికి తిప్పాను. లాప్‌టాప్‌ని కిటికీలో, మంచం మీద, చివరికి బియ్యం డబ్బా మీద పెట్టి చూశాను. మధ్యాహ్నం దాటింది. బావగారు మళ్లీ ఫోను చేశారు. వెనక ఎవరో తొందరపెడుతున్న గొంతు వినపడుతోంది.

"కనపడట్లేదండి. ఆవిడేమంటందో అడిగి చెప్పండి, చాలు."

చెల్లెలు ఎదురుగానే నిలబడి ఉంది. అడిగాను. ఆమె తన గుండె మీద చెయ్యి వేసుకుంది, తర్వాత లాప్‌టాప్ చూపించింది. నేనే చెప్తాను, నా గదిలోంచి, అని. అందులో అర్థం కానిదేమీ లేదు. నేను ఫోన్లో అన్నాను:

"ఉండమంటందండి."

"నిజంగానాండి?"

"ఆయ్."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రూటరు మీది విసుగు కావచ్చు. గల్ఫ్ వెళ్లినవాళ్లు కాగితం ఇస్తే ఉండిపోతారులే అన్న అలవాటు కావచ్చు. ఎలాగూ అదే అంటుందని నిజంగా నమ్మి కూడా ఉంటాను. ఒక రోజు ఆగమని కంపెనీవాళ్లని ఆయన చేత అడిగించి ఉండవచ్చు, అదీ తోచలేదు. ఫోను పెట్టేశాక చెల్లెలు ఏమైందని చూపుతో అడిగింది. ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాను. గడువు జరిగిందనీ, రేపు మాట్లాడుకోవచ్చనీ ఆమె అనుకుని ఉంటుంది.

శుక్రవారం నేను విసిగిపోయి వీధి అరుగు మీద కూర్చున్నాను. చెల్లెలు మాత్రం ఊరుకోలేదు. లాప్‌టాప్ తెరిచి రెండు చేతులా పట్టుకుని, హాల్లోంచి వెనకగదికి అడుగులో అడుగు వేసుకుంటూ గీతలు చూస్తూ నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మేమందరం రూటరుని చూస్తున్నాం, ఆమె దారిని చూసింది. నడిమి గదిలో ఆగి తల పైకెత్తి, నిచ్చెన తెచ్చి అటక ఎక్కింది. నేను పరుగెత్తాను.

అటక అంచున, హాలు వైపు లాప్‌టాప్ పెడితే నాలుగు గీతలు. కాయల గుట్ట అవతలికి జరిపితే ఏమీ లేవు. రూటరుని లైన్‌మన్ సరిగ్గా అటక ఎత్తులోనే కొట్టాడు. మధ్యలో గోడలాగా కాయలు. ఆమె ఒక కాయ తీసి ఊపింది. కురిడీ తయారైందో లేదో మేము చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం, ఆమె అరచేతిలో ఊపి నీళ్లు కదలడం పట్టేస్తుంది. ఆ కాయ నా చేతిలో పెట్టి రూటరుని కిందికి దించమంది.

"కాయలకీ దీనికీ సంబంధమేంటే!" అని పైకే అన్నాను, ఆమెకి వినపడదని తెలిసి కూడా. అయినా మేకులు పీకి, దాన్ని హాల్లోనే, నడిమి గది గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాను. వెనకగదిలో మూడు గీతలు వచ్చాయి. మర్నాడు శనివారం లైన్‌మన్ వచ్చి, నీళ్లున్న సరుకు అడ్డముంటే సిగ్నలు అందులోనే ఇంకిపోద్దంటారండీ అన్నాడు. అది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు.

చెల్లెలు జడ సరిచేసుకుని వెనకగదిలో కూర్చుంది. తలుపు ఇంకా వెయ్యలేదు. నేను గీతలు నిలుస్తాయో లేదో చూడడానికన్న వంకతో గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద బావగారు కనపడ్డారు. చెల్లెలి చేతులు రెక్కలొచ్చినట్టు లేచాయి. అంత పెద్దగా ఆమె చేతులు కదలడం నేనెప్పుడూ చూడలేదు. అందులో నాకు తెలిసినవి రెండే సైగలు: వచ్చెయ్యి, చాలు. వాటినే మళ్లీ మళ్లీ చేసింది.

ఆయన ఒక కాగితం తీసి కెమెరా ముందు పెట్టారు. కింద సంతకం ఉంది. ఆమె వైపు వేలు చూపించి, నోటి దగ్గర చెయ్యి పెట్టి, రెండు వేళ్లు ఎత్తారు. నువ్వే చెప్పావుగా, రెండేళ్లు, అని.

ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను తప్పించుకుందామని స్టూలు మీది రూటరు వైపు చూశాను. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

చెల్లెలు లేచి గుమ్మం దాకా వచ్చింది. చూపుడువేలు తన గుండెకి ఆనించింది. చేతిని నోటి దగ్గరికి తెచ్చి ముందుకి చాపింది. అరచెయ్యి తిప్పి, ఖాళీగా, నా ముఖం ముందు పట్టింది.

నేను ఎప్పుడు చెప్పాను?

ఆ సైగ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా చేతులు మాత్రం లేవలేదు. ఆమె తలుపు వేసుకుంది.